మన్నార్ సింధుశాఖ దీవులు: సంరక్షణ నిధుల చరిత్ర

తమిళనాడు ఆగ్నేయ తీరంలో పాంబన్ నుంచి తూత్తుకుడి దాకా వరుసగా ఉన్న 21 చిన్న దీవులను మన్నార్ సింధుశాఖ దీవులు అంటారు. వీటి మీద ఊళ్లు లేవు. చుట్టూ పగడపు దిబ్బలు, సముద్రపు గడ్డి మైదానాలు ఉన్నాయి. ఒక్క పగడాల్లోనే వందకు పైగా జాతులను గుర్తించారు. ఎదురుగా తీరం పొడవునా ఉన్న పల్లెలకు ఈ నీళ్లే జీవనాధారం. అందుకే ఈ దీవులను కాపాడటానికి డబ్బు ఎవరిస్తారు, అది ఎవరి చేతికి అందుతుంది అన్న సంగతి మొదటినుంచీ అక్కడి మత్స్యకారుల బతుకుతో ముడిపడి ఉంది. నిర్ణయాలు మాత్రం ఎక్కువగా చెన్నైలో జరిగాయి.

ఈ దీవుల జీవరాశిని పట్టించుకోవడమూ చెన్నై నుంచే మొదలైంది. పాంబన్ దగ్గరి కురుసడై దీవి తీరజీవుల మీద ఎగ్మోర్‌లోని మద్రాసు ప్రభుత్వ మ్యూజియం 1927లో ఒక సంచిక వెలువరించింది. దాని వెనక ఉన్నది అప్పటి సూపరింటెండెంట్ ఎఫ్.హెచ్. గ్రేవ్‌లీ. అది శాస్త్రజ్ఞుల పని. ఆ తర్వాత దశాబ్దాల పాటు తూత్తుకుడి వైపు పగడాలను సున్నం బట్టీలకు, కార్బైడ్ పరిశ్రమకు తవ్వుకుపోయారు. అలలకు అడ్డుగా నిలిచే దిబ్బ పోవడంతో దీవులు కోతకు గురై, రెండు పూర్తిగా నీట మునిగాయి. 1986లో సముద్ర జాతీయ పార్కు, 1989లో 10,500 చదరపు కిలోమీటర్ల జీవావరణ రిజర్వు ఏర్పడ్డాయి. వాటితో పాటు ఆంక్షలూ వచ్చాయి. వేరే ఉపాధి మాత్రం వెంటనే రాలేదు.

ఆ లోటు తీర్చడానికి రాష్ట్ర ప్రభుత్వం 2000లో మన్నార్ సింధుశాఖ జీవావరణ రిజర్వు ట్రస్టును పెట్టింది. 2002 నుంచి ప్రపంచ పర్యావరణ నిధి సొమ్ము ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ద్వారా దీనికి అందింది. తీర గ్రామాల్లో కమిటీలు ఏర్పడ్డాయి. స్వయం సహాయక బృందాలకు చిన్న రుణాలు ఇచ్చి, తిరిగి వచ్చిన డబ్బును మళ్లీ ఊళ్లోనే తిప్పారు. సముద్రాన్ని కాపాడే పనికి ఊరి చేతిలోనే నిధి పెట్టడం ఆ రోజుల్లో మన దేశంలో అరుదు. తర్వాత ఇదే దాతల సాయంతో కాకినాడ తీరంలో, హోప్ ఐలాండ్, కోరింగ మడ అడవులు ఉన్న గోదావరి ముఖద్వారంలో ఈగ్రీ ఫౌండేషన్ అనే సంరక్షణ సంస్థ ఏర్పడింది.

ఉపాధి పేరుతో వచ్చిన ప్రతి రూపాయీ మేలు చేయలేదు. కప్పాఫైకస్ అనే విదేశీ నాచు కథ ఇందుకు నిదర్శనం. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన ఈ నాచును 2000 తర్వాత కంపెనీలు, బ్యాంకులు, సబ్సిడీలు కలిసి పాక్ అఖాతం వైపు మహిళా బృందాల చేత తెప్పల మీద సాగు చేయించాయి. అది కురుసడై దగ్గర పగడాలను కప్పేస్తోందని 2008లో శాస్త్రవేత్తలు వెల్లడించారు. వెలుతురు అందక పగడం చచ్చిపోతుంది. ఆ నాచును చేత్తో ఏరి తీయాల్సి వచ్చింది. చిన్న తునక మిగిలినా మళ్లీ పెరుగుతుంది కనుక ఆ పని ఒక విడతతో తీరేది కాదు. స్థానిక జాతులను కాపాడటానికి ఒక పక్క ఖర్చు పెడుతూ మరో పక్క వాటికి శత్రువును తెచ్చిపెట్టడం ఈ చరిత్రలో అన్నింటికన్నా బాధాకరమైన ఘట్టం.

దీనికి పూర్తిగా భిన్నమైనది స్థానిక నాచు సేకరించే స్త్రీల అనుభవం. వేళ్లకు గుడ్డపేలికలు చుట్టుకుని, కళ్లకు అద్దాలు పెట్టుకుని, నడుముకు వల సంచి కట్టుకుని, ఊపిరి బిగబట్టి మునుగుతారు. పాదాలు కోసుకోకుండా రబ్బరు చెప్పులు వేసుకుంటారు. అగర్ తయారీకి పనికొచ్చే మరికొళుందు నాచు వాళ్లకు ముఖ్యం. పార్కు నిబంధనలు వాళ్లను నేరస్థులుగా చూస్తున్న కాలంలో ఆ స్త్రీలు సంఘంగా ఏర్పడి తమకు తామే హద్దులు పెట్టుకున్నారు. నెలకు పన్నెండు రోజులే సేకరణ. చేపలు గుడ్లు పెట్టే కాలంలో 45 రోజుల విరామం. ఇనుప గీకుడు పనిముట్లు వద్దు, చేత్తోనే తెంపాలి. ఈ ఉద్యమానికి ముందు నిలిచిన చిన్నపాళెం వాసి లక్ష్మీ మూర్తికి 2015లో సీకాలజీ బహుమతి, పది వేల డాలర్లు వచ్చాయి. సీకాలజీ దీవుల కోసమే పనిచేసే అమెరికా సంస్థ. దీవి ప్రజలు అడవినో సముద్రాన్నో కాపాడతామని మాటిస్తే, బదులుగా వాళ్లు కోరిన బడో ఆసుపత్రో కట్టించడం దాని పద్ధతి.

ఇటీవలి ఖర్చు ఎక్కువగా నేలను నిలబెట్టడానికే పోతోంది. కోతకు కరిగిపోతున్న వాన్ దీవి చుట్టూ, జాతీయ వాతావరణ అనుసరణ నిధి సాయంతో, ఐఐటీ మద్రాసు రూపొందించిన కాంక్రీటు కృత్రిమ దిబ్బలు దించారు. 1969లో ఇరవై హెక్టార్లు ఉండి ఇప్పుడు చాలా వరకు పోయిన కారియచల్లి దీవికీ ప్రపంచ బ్యాంకు అండతో అదే ప్రయత్నం తలపెట్టారు. పక్కనే పాక్ అఖాతంలో 2022 సెప్టెంబరులో 448 చదరపు కిలోమీటర్ల సముద్రపు ఆవుల రిజర్వు ప్రకటించారు. వలలో చిక్కిన సముద్రపు ఆవును వల కోసి వదిలిన మత్స్యకారులకు అక్కడ నగదు ప్రోత్సాహకం ఇస్తున్నారు. వాళ్ల పిల్లలకు ఆ జంతువు పేరుతోనే స్కాలర్‌షిప్పులు కూడా మొదలయ్యాయి.