ఉబ్బసం – శ్వాసకోశ ఇన్ఫెక్షన్ల నివారణ (నిజామాబాద్, బోధన్ ముస్లిం బస్తీలు)

నిజామాబాద్, బోధన్ పట్టణాల్లో ఉబ్బసాన్ని తెలుగువాళ్లు దమ్ము అనీ, ఉర్దూ మాట్లాడేవాళ్లు దమా అనీ అంటారు. ఈ జబ్బున్నవారి శ్వాసనాళాల లోపొర ఎప్పుడూ కొంత వాచే ఉంటుంది. అందుకే ఇతరులకు నాలుగు రోజుల్లో తగ్గిపోయే జలుబు వీరిని రాత్రంతా మంచం మీద కూర్చోబెడుతుంది. పెద్దల్లో ఉబ్బసం తిరగబెట్టడానికి రైనో వైరస్, ఇన్‌ఫ్లుయెంజా వంటివి ముఖ్య కారణాలు.

ఇతర వర్గాల ఆడవాళ్లతో పాటు ఇక్కడి ముస్లిం ఆడవాళ్లు కూడా ఎందరో బీడీలు చుట్టి ఇల్లు నడుపుతారు. ఒళ్లో చాట, చాటలో తంబాకు, పక్కన తునికాకు. గాలి ఆడని గదిలో ఆ దుమ్ము పీలుస్తూనే పని సాగుతుంది. ఇంట్లో ఒకరికి పడిశం పడితే ఆ గదిలో అందరికీ అంటుకుంటుంది. తలుపులు తీసి, వీలైతే వాకిట్లో కూర్చొని చుట్టడం పైసా ఖర్చు లేని జాగ్రత్త.

బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో మొదలైన నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. ఇలాంటి ఫ్యాక్టరీల్లో నిల్వ ఉన్న చెరకు పిప్పికి పట్టిన బూజు వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు బెగాసోసిస్ ఉబ్బసమూ కాదు, అంటువ్యాధీ కాదు. దగ్గు, జ్వరం, ఆయాసం మాత్రం అలాగే ఉంటాయి. ఏ దగ్గయినా రెండు వారాలు దాటితే క్షయ పరీక్ష తప్పనిసరి.

నివారణలో మొదటిది రోజూ పీల్చే స్టెరాయిడ్ ఇన్‌హేలర్. ఆయాసం వచ్చినప్పుడు మాత్రమే వాడే ఉపశమన ఇన్‌హేలర్‌తో సరిపెట్టుకోవద్దని అంతర్జాతీయ ఆస్తమా సంస్థ జీనా 2019లో స్పష్టం చేసింది. అలవాటైపోతుందన్న భయంతో స్టెరాయిడ్ ఇన్‌హేలర్‌ను మానేయడమే పెద్ద ప్రమాదం. రంజాన్‌లో ఈ మానేయడం ఎక్కువవుతుంది. ఇన్‌హేలర్‌తో రోజా (ఉపవాసం) భంగమవుతుందా అన్నదానిపై ఉలేమాలలో భిన్నాభిప్రాయాలున్నాయి. అయితే రోజుకు రెండుసార్లు తీసుకునే మందును తెల్లవారకముందు సహరీ వేళ ఒకసారి, ఇఫ్తార్ తర్వాత ఒకసారి పీల్చితే ఆ చర్చే అక్కర్లేదు. మందు పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మాలి. నమాజుకు ముందు చేసే వజూలో పుక్కిలింత ఎలాగూ ఉంది. పగలు ఆయాసం ముంచుకొస్తే మాత్రం ఆగకూడదు, ఉపశమన ఇన్‌హేలర్ వెంటనే వాడాలి. రోగికి ఉపవాసం నుంచి మినహాయింపు ఖురాన్‌లోనే ఉంది, తప్పిన రోజా తర్వాత ఉండవచ్చు.

రెండోది ఏటా వేయించుకునే ఫ్లూ టీకా. న్యుమోనియా టీకా గురించి డాక్టరును అడగాలి. హజ్‌కు వెళ్లేవారికి మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) టీకాతో పాటు, వయసు మళ్లినవారికీ దీర్ఘవ్యాధులున్నవారికీ ఫ్లూ టీకా కూడా ఇస్తారు. కాబట్టి ఇది ఈ బస్తీలకు పరాయి మందు కాదు. ఇక్కడ ఫ్లూ వానాకాలంలో ముదురుతుంది, అందువల్ల మృగశిర కార్తెకు ముందే టీకా పడాలి. ఆ కార్తె రోజునే హైదరాబాద్‌లో బత్తిని కుటుంబం ఇచ్చే చేప ప్రసాదానికి ఉబ్బసం రోగులు బారులు తీరతారు. అది జబ్బును నయం చేస్తుందనడానికి శాస్త్రీయ ఆధారం లేదు. వెళ్లినా సరే, ఇన్‌హేలర్ ఆపవద్దు.

ప్రభుత్వ ఉచిత టీకాల కార్యక్రమంలో పెద్దలకు ఫ్లూ టీకా లేదు. బీడీల కూలితో బతికేవారు దాన్ని కొనుక్కోలేరు. 1976 చట్టం కింద బీడీ కార్మికుల సంక్షేమ నిధి ఏర్పడింది. ఆ నిధి దవాఖానల్లో ఉబ్బసం ఉన్నవారికి మే నెలలోనే ఈ టీకాను ఉచితంగా వేయాలి.