మౌంట్ రోడ్డు మీద నీల్ దొర

1927 సెప్టెంబరు, మద్రాసు. మౌంట్ రోడ్డులో ట్రాం దిగి స్పెన్సర్ షాపు వైపు నడుస్తున్నారు మీరు. ముందు పోలీసులు అడ్డం నిలబడి ఉన్నారు. వాళ్లు కాస్తున్నది షాపును కాదు, ఎత్తయిన దిమ్మె మీదున్న కంచు మనిషిని.

తలెత్తి చూడండి. జేమ్స్ నీల్, మద్రాస్ ఫ్యూజిలియర్స్ దళపతి. బెంగాల్లో తిరుగుబాటు వరదకు మొట్టమొదట అడ్డుకట్ట వేసిన వీరుడని కింద చెక్కారు. ఎలా వేశాడో మాత్రం చెక్కలేదు. 1857లో కాశీ, అలహాబాదు చుట్టుపక్కల ఊళ్లు తగలబడ్డాయి, చెట్లకు శవాలు వేలాడాయి. కాన్పూరు బీబీఘర్‌లో ఆంగ్లేయ స్త్రీలనూ పిల్లలనూ నరికి చంపారు. అది ఘోరమే. కానీ ఆ నేరం ఎవరిదో తేల్చే ఓపిక నీల్‌కు లేదు. పట్టుబడ్డవాళ్లను ఆ ఇంటికి ఈడ్పించి, గచ్చు మీది నెత్తుటి మరకలను నాలుకతో నాకించి, ఆ తర్వాత ఉరి తీయించాడు. ఆ ఏడాదే సెప్టెంబరు 25న లక్నోలో తూటా తగిలి కూలాడు. కొన్నేళ్లకే ఇక్కడ కంచులో లేచాడు.

జనం ఉన్నట్టుండి కదిలారు. గాంధీ టోపీలు. ‘వందేమాతరం!’ ఒకడి చేతిలో సుత్తి, ఇంకొకడి చేతిలో గొడ్డలి. ఠంగుమని ఒక్క దెబ్బ. కంచుకు నొక్కు పడిందో లేదో చూసేలోపే పోలీసు చెయ్యి మెడ మీద పడింది. కుర్రాళ్లు తిరగబడరు, నవ్వుతూ నడిచిపోతారు. మీ పక్కనున్న జట్కావాడు గుర్రాన్ని అదిలిస్తూ, ‘‘వీళ్లు పోతే ఇంకో జట్టు వస్తుంది బాబూ!’’ అంటాడు. వస్తూనే ఉన్నారు మరి. కడలూరు నుంచి అంజలై అమ్మాళ్ వచ్చింది, చిన్న కూతురు అమ్మాకణ్ణును వెంటబెట్టుకుని. తల్లీ కూతుళ్లిద్దరినీ జైల్లో పెట్టారు. ఆ నెలలోనే మద్రాసు వచ్చిన గాంధీ వలంటీర్లను కాదనలేదు గాని, అహింస మాత్రం తప్పకూడదన్నాడు. సుత్తి పట్టుకుని అహింస ఎలాగని మీకు అనుమానం రావచ్చు. అప్పుడూ చాలామందికి వచ్చింది.

విగ్రహం కదల్లేదు. ఉద్యమం మెల్లగా చల్లబడింది. 1928 ఫిబ్రవరిలో ఇదే నగరంలో, సైమన్ కమిషన్ దేశంలో అడుగుపెట్టిన రోజున, ప్రకాశం పంతులు తుపాకుల ముందు రొమ్ము చూపించాడు. 1937లో రాజాజీ మంత్రివర్గంలో ఆయనే రెవెన్యూ మంత్రి. ఆ ప్రభుత్వ హయాంలోనే నీల్ మౌంట్ రోడ్డు విడిచి వెళ్లాడు. ఎవరూ సుత్తి ఎత్తనక్కర్లేకపోయింది.

ఇప్పుడు ఎగ్మూరు మ్యూజియంలోకి రండి, నీల్ ఇక్కడే ఉన్నాడు. తెలుగువాళ్లు ఈ ఆవరణలోకి అడుగుపెట్టేది అమరావతి శిల్పాల కోసం. కృష్ణ ఒడ్డున స్తూపాన్ని తవ్వించి దొరలు తరలించిన రాళ్లవి. నన్నడిగితే నీల్‌కు ఇది తగిన చోటే. ఆ రాళ్లకు కాదు.

అక్కడి నుంచి ఐలాండ్ మైదానం వైపు ఆటో ఎక్కండి. వాహనాల రొద నడుమ జీనూ రికాబులూ లేని గుర్రం మీద కూర్చున్నాడు సర్ థామస్ మన్రో. 1839 నుంచి అక్కడే ఉన్నాడు. నీల్ మీదికి సుత్తులతో వెళ్లిన కుర్రాళ్లు ఈయన జోలికి రాలేదు. ఈయనా కుంపిణీ మనిషే, పన్నులు పిండినవాడే. కానీ దత్తమండలాల్లో గుడారం వేసుకుని ఊరూరా తిరిగాడు, రైతుతో నేరుగా మాట్లాడాడు, 1827లో పత్తికొండలో కలరా తగిలి పోయాడు. సీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. నీల్ పేరు ఎవరు పెట్టుకుంటారు?

అలాగని మన్రో లెక్క తేలిపోలేదు. ఈ గుర్రం కింద ఇద్దరు సీమ మనుషుల్ని నిలబెట్టి చూడండి.

‘‘పాలెగాళ్లను అణిచి ఊళ్లకు నెమ్మది తెచ్చినాడు’’ అంటాడు ఒకడు.

‘‘మన పాలెగాళ్లను అణచమని వాణ్ణెవరు పిలిచినారు?’’

‘‘పన్ను నాలుగో వంతు తగ్గించాలని 1807లో రాసింది ఆయనే గదా!’’

‘‘ముందు అంత పన్ను వేసిందెవరప్పా?’’