షార్కుటరీ బోర్డుకు క్రాకర్ల ఎంపిక

ఈ వ్యాసం తినే క్రాకర్ల గురించి. దీపావళికి కాల్చే క్రాకర్ల కొరకు టపాకాయలు వ్యాసం చూడండి.

క్రాకర్ అనగా పిండి, నీరు, ఉప్పు, కొద్దిపాటి కొవ్వు కలిపి, పలుచగా ఒత్తి, కరకరలాడేటట్లు ఓవెన్‌లో కాల్చిన బిస్కట్టు. సాధారణంగా ఇందులో తీపి ఉండదు. ఉప్పు పట్టించి ఆరబెట్టిన మాంసాలు, సాసేజిలు, చీజ్, ఊరగాయలు, పండ్లు, గింజలు ఒక చెక్కపలకపై అమర్చి అతిథుల ముందుంచే పద్ధతిని షార్కుటరీ బోర్డు అంటారు. ఆ పలకపై మిగిలిన పదార్థాలను ఎత్తి నోటికి అందించే పని క్రాకర్లది. ఖరీదైన మాంసం, చీజ్ ఎంపికపై చూపే శ్రద్ధలో పదో వంతు కూడా క్రాకర్లపై చూపకపోవడం సర్వసాధారణం. కాని రుచి చెడినా, అతిథికి తినకూడనిది తినిపించినా, దానికి క్రాకరే కారణమయ్యే సందర్భాలు తక్కువేమీ కావు.

పేరు

షార్కుటరీ అనేది ఫ్రెంచి పదం. మాంసం, వండిన అనే అర్థాలు గల రెండు మాటల కలయికతో ఏర్పడినది. 15వ శతాబ్దం నాటికే ఫ్రాన్సులో వండిన పంది మాంసం, సాసేజిలు అమ్మే వర్తకులకు ప్రత్యేక సంఘం ఉండేది. అటువంటి దుకాణాన్నీ, అక్కడ అమ్మే సరుకునూ కూడా షార్కుటరీ అనే వ్యవహరిస్తారు. గమనించదగిన విషయమేమంటే ఫ్రాన్సులో ఈ మాంసాలను రొట్టెతోను, వెన్నతోను, చిన్న దోసకాయల ఊరగాయతోను తింటారే గాని క్రాకర్లతో తినడం సంప్రదాయం కాదు. క్రాకర్లను జతచేయడం ప్రధానంగా ఇంగ్లీషు, అమెరికన్ అలవాటు. ఇంగ్లాండులో భోజనానంతరం చీజ్‌తో బిస్కట్టు తినే ఆచారం పాతదే. 2010 తరువాత ఇన్‌స్టాగ్రామ్ వంటి మాధ్యమాల ద్వారా షార్కుటరీ బోర్డు అమెరికాలో విందులకు తప్పనిసరి అలంకారంగా మారినది.

చరిత్ర

క్రాకర్‌కు పూర్వరూపం ఓడ బిస్కట్టు. పిండి, నీరు మాత్రమే కలిపి రాయిలా గట్టిపడేదాకా కాల్చిన ఈ బిస్కట్టు నెలల తరబడి చెడకుండా ఉండేది. 17వ శతాబ్దంలో బ్రిటిషు నావికునికి రోజుకు ఒక పౌను బిస్కట్టు, ఒక గాలను బీరు ఇచ్చేవారు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం మిల్టన్ పట్టణంలో జొసయా బెంట్ 1801లో నీటి క్రాకర్ల తయారీ మొదలుపెట్టాడు. ఒకసారి బిస్కట్టులు మాడి చిటపటలాడగా ఆ శబ్దాన్ని బట్టి ఆయనే క్రాకర్ అనే పేరు పెట్టాడని ఒక కథ ప్రచారంలో ఉన్నది. కాని ఆ పదం 18వ శతాబ్దంలోనే అమెరికాలో వాడుకలో ఉన్నందున ఈ కథను నమ్మడానికి వీలు లేదు.

ఇంగ్లాండులో జొనాథన్ డాడ్జ్‌సన్ కార్ 1831లో కార్లైల్ పట్టణంలో బిస్కట్టుల వ్యాపారం ప్రారంభించాడు. ఆ పట్టణపు నీటి బిస్కట్టులు నేటికీ చీజ్ పళ్ళెంలో కనిపిస్తాయి. 2015 డిసెంబరులో డెస్మండ్ తుఫాను వలన కార్లైల్ ఫ్యాక్టరీలోకి వరదనీరు చేరగా, కొన్ని వారాలపాటు బ్రిటన్ దుకాణాలలో వీటికి కొరత ఏర్పడినది. ఐర్లండులో జాకబ్ సంస్థ 1885లో క్రీమ్ క్రాకర్లను తయారుచేసింది. పేరులో క్రీమ్ ఉన్నా ఇందులో మీగడ ఉండదు. కొవ్వును పిండితో కలిపే విధానాన్ని బట్టి ఆ పేరు వచ్చింది. 1916 ఈస్టర్ తిరుగుబాటులో డబ్లిన్‌లోని ఈ సంస్థ ఫ్యాక్టరీని తిరుగుబాటుదారులు ఆక్రమించారు.

అమెరికాలో 19వ శతాబ్దాంతం వరకు క్రాకర్లను పీపాలలో పోసి విడిగా అమ్మేవారు. అడుగున ఉన్నవి మెత్తబడి, ముక్కిపోయి కొనేవారికి దక్కేవి. 1898లో ఏర్పడిన నేషనల్ బిస్కట్ కంపెనీ మైనపు కాగితం చుట్టిన పెట్టెలలో అమ్మకం మొదలుపెట్టి ఈ ఇబ్బంది తొలగించింది. వెన్న రుచి గల రిట్జ్ క్రాకర్‌ను ఇదే సంస్థ 1934లో విడుదల చేసింది.

తయారీ, లక్షణాలు

క్రాకర్‌పై కనిపించే చిన్న రంధ్రాలు అలంకారం కోసం కాదు. కాల్చేటప్పుడు లోపల పుట్టిన ఆవిరి ఈ రంధ్రాల గుండా బయటకు పోతుంది. అవి లేకపోతే క్రాకర్ పూరీ వలె పొంగుతుంది. సోడా క్రాకర్ల పిండిని ఈస్టుతో చాలా గంటలు పులియబెట్టి, ఆ పులుపును వంటసోడాతో విరుస్తారు. అందుకే వాటిలో పొరలు, తేలికదనం ఉంటాయి. నీటి క్రాకర్లలో కొవ్వు చాలా తక్కువ, రుచి దాదాపు శూన్యం. ఈ శూన్యమే వాటి సుగుణం.

బాగా కాలిన క్రాకర్‌లో తేమ 5 శాతానికి మించదు. అందువలననే అది కరకరలాడుతుంది, అందువలననే చుట్టుపక్కల తేమను త్వరగా పీల్చుకుంటుంది. వానాకాలంలో వేయించిన అప్పడం మెత్తబడడానికీ, చీజ్ పక్కన పెట్టిన క్రాకర్ మెత్తబడడానికీ కారణం ఒకటే.

పదార్థాన్ని బట్టి ఎంపిక

పలకపైనున్న మాంసాలన్నీ ఇదివరకే ఉప్పుతో నిలవ చేసినవి. చీజ్‌లోను ఉప్పు ఉన్నది, ఆలివ్ కాయలు ఉప్పునీటిలో ఊరినవే. వీటికి తోడు పైన ఉప్పు చల్లిన క్రాకర్ పెడితే రెండవ ముక్కకే నాలుక మొద్దుబారి, ఒక మాంసానికీ మరొక మాంసానికీ తేడా తెలియదు. ఎంపికలో అందరూ చేసే పొరపాటు ఇదే. వెల్లుల్లి, ఉల్లి, మిరియాలు దట్టించిన క్రాకర్లు విడిగా తినడానికి బాగుంటాయి గాని, నెలల తరబడి ఆరబెట్టిన హామ్ సువాసనను అవి పూర్తిగా కప్పివేస్తాయి. పెట్టెలో నుంచి తీసి ఉత్తదే తిన్నప్పుడు చప్పగా అనిపించిన క్రాకరే పలకపై అన్నిటికన్నా బాగా పనిచేస్తుంది.

రెండవది బలం. పలుచని నీటి క్రాకర్ సలామీ ముక్కను, మెత్తని బ్రీ చీజ్‌ను మోయగలదు. కాలేయంతో చేసిన పాటే, కొవ్వులో ఉడికించి చిదిమిన రియెట్ వంటివి కత్తితో అదిమి రాయవలసినవి. అటువంటి చోట పలుచని క్రాకర్ చేతిలోనే ముక్కలవుతుంది. వీటికి మందమైన రై క్రిస్ప్‌బ్రెడ్ గాని, కాల్చిన రొట్టె ముక్క గాని తగినది. స్వీడనులో రైతో చేసే ఇటువంటి గుండ్రని రొట్టెలకు నడుమ రంధ్రం పెట్టి, కర్రకు గుచ్చి వంటింటి పైకప్పు కింద నిలవ ఉంచేవారు. ఇటలీలోని కలాబ్రియా ప్రాంతపు ఎండుజా అనే సాసేజి పచ్చడిలా మెత్తగా, ఎండుమిరప కారంతో ఎర్రగా ఉంటుంది. కారం అలవాటైన తెలుగువారికి నచ్చే ఈ పదార్థానికి మందమైన, ఏ మసాలా లేని క్రాకర్ కావాలి.

మూడవది కొవ్వు. రిట్జ్ వంటి క్రాకర్లు నోట్లో కరిగిపోవడానికి కారణం వాటిలోని నూనె. కొవ్వు అధికంగా గల సలామీ కింద ఇవి పెడితే కొవ్వు మీద కొవ్వు చేరి వెగటు పుడుతుంది. పైగా త్వరగా విరుగుతాయి. గట్టి చెడ్డార్‌తో మాత్రం ఇవి ఫరవాలేదు. చెడ్డార్‌కు, స్టిల్టన్ వంటి నీలి చీజ్‌కు స్కాట్లండు ఓట్ కేకులు మరింత బాగా నప్పుతాయి. కేకు అనే పేరున్నా ఇవి ఓట్స్ పిండితో చేసిన గరుకైన బిస్కట్టులే. వాటిలోని గింజ రుచి నీలి చీజ్ ఘాటుకు తట్టుకొని నిలబడుతుంది. మేకపాల చీజ్‌కు ఎండుద్రాక్ష, అత్తిపండు ముక్కలు కలిపిన తీపి క్రాకర్లు వాడతారు.

పార్మా హామ్ వంటి కాగితమంత పలుచని మాంసానికి అసలు క్రాకర్ అవసరమే లేదు. ఇటలీలోని టూరిన్ నగరానికి చెందిన గ్రిస్సీని అనే సన్నని రొట్టె పుల్లలకు దానిని చుట్టి తినడం అక్కడి పద్ధతి.

ఎన్ని రకాలు పెట్టాలనే విషయంలో అతి పనికిరాదు. ఒక నీటి క్రాకర్, ఒక గింజల లేదా రై క్రాకర్, కావలసినచో ఒక పండ్ల క్రాకర్ ఉంటే చాలును. భోజనానికి ముందు వడ్డించేటప్పుడు మనిషికి అయిదారు చొప్పున లెక్కవేస్తారు. ఒకటి రెండు కాట్లలో ముగిసే పరిమాణం మంచిది.

అతిథులను బట్టి ఎంపిక

రుచి విషయంలో తప్పు జరిగితే నష్టం స్వల్పం. పదార్థాల విషయంలో తప్పు జరిగితే ప్రాణాపాయం కావచ్చును. మాంసం మాంసమని, చీజ్ చీజ్ అని చూడగానే తెలుస్తుంది. క్రాకర్‌లో ఏమున్నదో చూపుకు తెలియదు.

నువ్వులు ఇందుకు ముఖ్య ఉదాహరణ. నువ్వుల ఎలర్జీ గలవారికి కొద్ది పరిమాణం కూడా శ్వాస అందని స్థితికి దారితీయవచ్చు. 2016 జూలైలో నటాషా ఎడ్నాన్ లాపరూస్ అనే 15 ఏళ్ళ బ్రిటిషు బాలిక విమానాశ్రయంలో కొన్న బాగెట్ తిని, విమానంలో అస్వస్థతకు గురై మరణించినది. నువ్వులు పైకి కనిపించకుండా రొట్టె పిండిలోనే కలిసి ఉన్నాయి, కాగితంపై ఆ సంగతి లేదు. ఆమె తల్లిదండ్రుల కృషి ఫలితంగా, దుకాణంలోనే తయారుచేసి పొట్లం కట్టి అమ్మే ఆహారంపై సైతం పదార్థాలన్నీ ముద్రించాలనే నిబంధన బ్రిటన్‌లో 2021 అక్టోబరు 1 నుండి అమలులోకి వచ్చినది. దీనిని నటాషా చట్టమని పిలుస్తారు. అమెరికాలో 2021 నాటి చట్టం ప్రకారం 2023 జనవరి 1 నుండి నువ్వులను తొమ్మిదవ ప్రధాన ఎలర్జీ కారకంగా ముద్రించవలసి ఉన్నది. విచిత్రమేమంటే, ఫ్యాక్టరీలో నువ్వుల జాడ లేకుండా శుభ్రపరచడం కన్నా సులభమని కొందరు తయారీదారులు తమ రొట్టెలలో కావాలనే కొద్దిగా నువ్వుల పిండి కలిపి, ఆ మాట ముద్రించసాగారు. కాబట్టి పాత అలవాటు కొద్దీ కొనే రకమైనా పెట్టెపై జాబితాను మరల చదువుకోవాలి.

సీలియాక్ వ్యాధి గలవారు గోధుమ, బార్లీ, రైలలోని గ్లూటెన్ తినరాదు. అమెరికాలోను, ఐరోపాలోను కిలోకు 20 మిల్లీగ్రాముల కన్నా ఎక్కువ గ్లూటెన్ ఉన్న ఆహారంపై గ్లూటెన్ రహితమని ముద్రించరాదు. బియ్యపు పిండి, గింజలతో చేసిన క్రాకర్లు వీరికి అనుకూలం. ఓట్స్‌లో గోధుమ కలిసే అవకాశం ఉన్నందున ఓట్ కేకులపై ఈ ముద్ర ఉన్నదో లేదో చూడాలి. అయితే గ్లూటెన్ రహిత క్రాకర్లను గోధుమ క్రాకర్ల పక్కనే పరిచి, రెండింటికీ ఒకే కత్తి వాడితే ఆ జాగ్రత్త అంతా వృథా. రాలిన పొడి చాలు. వీటికి వేరే పళ్ళెం, వేరే కత్తి, వీలైతే వేరే చీజ్ ముక్క ఉంచాలి. నువ్వుల క్రాకర్లకూ ఇదే నియమం వర్తిస్తుంది.

శాకాహారుల విషయం మరొకటి. పలకపై మాంసం పక్కన ఉన్న క్రాకర్ శాకాహారమేనని అనుకోవడం సహజం. కాని కొన్ని క్రాకర్లలో, ముఖ్యంగా ఇటలీ నుండి వచ్చే కొన్ని రకాలలో, పంది కొవ్వు వాడతారు. ఇటాలియను జాబితాలో దీనిని స్ట్రుట్టో అని పేర్కొంటారు. ముస్లిములకు, యూదులకు కూడా ఇది నిషిద్ధమే. భారతదేశంలో అమ్మే పెట్టెలపై శాకాహారానికి ఆకుపచ్చ చుక్క తప్పనిసరి. అమెరికాలో అటువంటి గుర్తు తప్పనిసరి కాదు కాబట్టి, అక్కడి తెలుగు కుటుంబాలు విందులకు క్రాకర్లు కొనేటప్పుడు జాబితా మొత్తం చదవవలసి వస్తుంది. పాలు, వెన్న కూడా తీసుకోనివారికి నీటి క్రాకర్లు, గోధుమ, నూనె, ఉప్పు మాత్రమే గల ట్రిస్కిట్ వంటివి సాధారణంగా సరిపోతాయి.

వడ్డన, నిలవ

మాంసం, చీజ్ ముందుగా అమర్చి, క్రాకర్లను అతిథులు వచ్చే వేళకు చివరగా పెట్టాలి. ఆలివ్‌లు, ఊరగాయలు, తేనె చిన్న గిన్నెలలో ఉంటే వాటి తడి క్రాకర్లకు అంటదు. శాకాహార అతిథులున్నచోట క్రాకర్లను మాంసానికి తగలకుండా వేరే పళ్ళెంలో ఉంచడం మర్యాద. మాంసం, చీజ్ గది ఉష్ణోగ్రతలో రెండు గంటలకు మించి ఉండరాదు. 32 డిగ్రీల సెల్సియస్‌కు పైబడిన వేడిలో ఈ గడువు ఒక గంట మాత్రమే. క్రాకర్లకు ఈ భయం లేదు గాని, మాంసం తగిలిన వాటిని తిరిగి డబ్బాలో వేయరాదు.

పెట్టె తెరిచిన తరువాత గాలి చొరని డబ్బాలో ఉంచాలి. మెత్తబడిన వాటిని 150 డిగ్రీల ఓవెన్‌లో కొద్ది నిమిషాలు వేడిచేసి, పూర్తిగా చల్లారనిస్తే మళ్ళీ కరకరలాడతాయి. వేడిగా ఉన్నప్పుడే డబ్బాలో పెట్టి మూత వేస్తే ఆవిరి పట్టి మరింత మెత్తబడతాయి.

భారతదేశంలో

విదేశీ క్రాకర్లు పెద్ద నగరాల దుకాణాలలో లభిస్తాయి గాని ధర ఎక్కువ. తెలుగువారు ఉప్పు బిస్కట్టులని పిలిచే పార్లే వారి మొనాకో ఈ జాతికి చెందినదే. దానిపై చీజ్, టమాటా ముక్క పెట్టి అతిథులకు ఇవ్వడం ఇక్కడ ఎప్పటినుండో ఉన్నది. పైన ఉప్పు కనిపిస్తున్నందున సలామీ కన్నా ఉప్పు తక్కువగా ఉండే మెత్తని చీజ్‌కు ఇది అనుకూలం. తీపి, ఉప్పు కలిసిన క్రాక్‌జాక్ పండ్ల క్రాకర్‌కు బదులుగా పనికివస్తుంది. హైదరాబాదు ఉస్మానియా బిస్కట్టులోనూ తీపి, ఉప్పు రెండూ ఉన్నా, వెన్న, చక్కెర అధికం కాబట్టి అది క్రాకర్ కిందకు రాదు. పలకపై పెడితే చీజ్ బరువుకే పొడి అవుతుంది.