ఫ్రైస్ పక్కన చక్కెర

నిజామాబాద్‌లో ఫ్రైస్ ఆర్డర్ చేస్తే మీరు పక్కన ఏం అడుగుతారు? పెరిపెరి చల్లుకుంటే అది మన కారప్పొడికి చుట్టమే. మిరపని అమెరికా ఖండం నుంచి అటు ఆఫ్రికాకి, ఇటు మనకి తెచ్చింది పోర్చుగీసువాళ్లే. మయోనీజ్ అంటారా, పచ్చి గుడ్డుతో చేసేదాన్ని తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబర్ 30న ఏడాది పాటు నిషేధించింది.

నా ఓటు మాత్రం కెచప్‌కే. ఆ పేరు చైనాలోని హొక్కియెన్ భాషది. అక్కడ అది ఉప్పటి చేపల సాస్, టమాటా ఊసే లేదు! టమాటాతో చేసే పద్ధతిని 1812లో అమెరికాలో జేమ్స్ మీజ్ అచ్చువేయించాడు. 1876 నుంచి హైంజ్ సీసాల్లో అమ్మింది. ఇప్పుడు మనం తినే కెచప్‌లో ఇంచుమించు నాలుగో వంతు చక్కెరే. పెద్ద చెంచాకి సుమారు 4 గ్రాములు.

చక్కెర అంటే మన బోధనే కదా! 1937లో నిజాం కాలంలో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టారు. మంజీరా మీద కట్టిన నిజాంసాగర్ నీళ్లు, ఆ నీళ్లతో పండిన చెరకు, వరసగా నిలబడ్డ బండ్లు. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. 2015 డిసెంబర్‌లో లాకౌట్ పడింది. కార్మికుల పని పోయింది, చెరకు రైతులు వేరే మిల్లులు వెతుక్కున్నారు. ఇప్పుడు అదే ఊళ్లో సాస్ ప్యాకెట్ చింపుతుంటే, అందులోని తీపి ఎక్కడి చెరకుదో మనకి తెలీదు.

మీ తాతయ్యో, మేనమామో ఆ ఫ్యాక్టరీలో చేసి ఉంటే క్రషింగ్ సీజన్ ఎలా ఉండేదో అడగండి. ఫోన్‌లో రికార్డ్ చేసి పెట్టుకోండి.