కమలా తొక్క కథ

శివరాత్రి దగ్గరపడేసరికి ఉండవల్లి సెంటర్ చుట్టుపక్కల బళ్ల మీద కమలాపండ్లు, బత్తాయిలు పక్కపక్కనే కనబడతాయి. బత్తాయికి చాకు కావాలి, లేదంటే జ్యూస్ మిషన్ కావాలి. కమలాకి బొటనవేలి గోరు చాలు. ఈ తేడా పండించడంలో వచ్చింది కాదు, పుట్టుకలోనే ఉంది.

నిమ్మజాతి చెట్ల పుట్టిల్లు హిమాలయాలకు ఆగ్నేయాన ఉన్న కొండపాదాలు: అస్సాం, ఉత్తర బర్మా, చైనాలోని యునాన్. సుమారు 80 లక్షల ఏళ్ల కిందట అవి అక్కడి నుంచే విస్తరించాయని 2018లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన జన్యు పరిశోధన తేల్చింది. మనం తినే రకాల్లో చాలావాటికి మూలం మూడు జాతులు: పంపరపనస, మాదీఫలం, కమలా. తెనాలి మార్కెట్‌కి బస్తాల్లో వచ్చే నిమ్మలో మాదీఫలం అంశ ఉంది. నారింజ, సీమవాళ్లు చీనీ అనే బత్తాయి, ఈ రెండూ పంపరపనస, కమలా కలిసి పుట్టినవే. పంపరపనసని ఒక్కసారి వలిచినా తెలుస్తుంది, దూదిలాంటి ఆ తెల్లపొర ఎంత మందమో, ఎంత గట్టిగా అంటిపెట్టుకుంటుందో. బత్తాయి తొక్క మొండితనం ఆ వైపు పోలికే.

కమలాలో ఆ పొర చాలా పల్చన. పైగా కాయ పండే దశలో గుజ్జు ఎదగడం ఆగినా తొక్క ఎదుగుతూనే ఉంటుంది. తెల్లపొర చిట్లి పీచుగా మిగిలి, తొక్కకీ తొనలకీ మధ్య ఖాళీ ఏర్పడుతుంది. వేలు దూరేది అక్కడే.

చైనావాళ్లు ఈ పండుని ఎప్పుడో గుర్తించారు. 1178లోనే హాన్ యెన్‌చి అనే అధికారి 27 నిమ్మజాతి రకాల గురించి ఒక గ్రంథం రాశాడు. ఐరోపాకి మాత్రం ఆలస్యంగా, 1805లో ఇంగ్లండు ద్వారా చేరింది. మనకి అందే కమలా ఎక్కువగా నాగపూర్‌ది. భోంస్లేల కాలంలో ఔరంగాబాద్ నుంచి తెచ్చి నాటారని చెబుతారు. 1929లో కాజీపేట, బల్లార్షా మధ్య రైలుమార్గం పూర్తయ్యాక అక్కడి సరుకు బెజవాడకి నేరుగా వచ్చే దారి ఏర్పడింది.

విదర్భ రైతు చెట్టుని కావాలనే ఎండగడతాడు. ఆకు వాడేదాకా నీళ్లు ఆపి, తరవాత ఎరువేసి తడిపితే చెట్టంతా ఒక్కసారిగా పూతకొస్తుంది. జనవరి, ఫిబ్రవరి పూత అంబియా బహార్, దసరా తరవాత కోతకొస్తుంది. వానాకాలం పూత మృగ్ బహార్, శివరాత్రి నాటికి అందుతుంది. నా ఓటు ఈ రెండో కాపుకే, తీపి ఎక్కువ.

కొనేటప్పుడు రంగు చూసి మోసపోవద్దు. పండుకి పసుపు, నారింజ రంగులు తేవడంలో రాత్రి చలిది పెద్ద పాత్ర, అందుకే లోపల పండినా పైన పచ్చగా ఉండొచ్చు. తొడిమ దగ్గర మెల్లగా నొక్కండి. తొక్క కొద్దిగా లోపలికి పోవాలి, పండు మాత్రం చేతికి బరువుగా తగలాలి. మరీ ఉబ్బి తేలిగ్గా ఉంటే వద్దు, తొనలు ఎండిపోయి ఉంటాయి.

ఇప్పుడు బళ్ల మీద ఇంకోటి కలుస్తోంది, కిన్నో. 1915లో కాలిఫోర్నియాలో రెండు కమలా రకాలని కలిపి పుట్టించారు, 1935లో విడుదల చేశారు, తరవాత అది పంజాబ్‌లో స్థిరపడింది. నున్నగా, నిగనిగలాడుతూ కన్ను లాగేస్తుంది. తొక్క బిగుతు, గింజలెక్కువ, రసం మాత్రం పుష్కలం. జ్యూస్‌కైతే సంతోషంగా కొనండి, పిల్లల చేతికి వలుచుకోమని ఇవ్వడానికైతే ముడతలు పడ్డ నాగపూర్ పండే అడిగి తీసుకోండి.