పన్నెండుమందా, తొమ్మిదిమందా?

‘తేడా కనబడలేదు’ అనే మాటకీ ‘తేడా లేదు’ అనే మాటకీ మధ్య దూరం ఎంత? స్ట్రెప్టోకైనేజ్ అనే మందు విషయంలో వైద్యలోకానికి ఆ దూరం దాటడానికి దాదాపు ముప్పై ఏళ్ళు పట్టింది.

గుండెపోటు వచ్చిందంటే చాలాసార్లు కారణం గుండె రక్తనాళంలో అడ్డుపడ్డ నెత్తుటి గడ్డ. స్ట్రెప్టోకైనేజ్ ఆ గడ్డని కరిగిస్తుంది. 1959 నుంచీ దీనిమీద ట్రయల్స్ జరిగాయి, చాలామటుకు చిన్నవే. కొన్నిట్లో మందు పనిచేసినట్టు కనిపించింది, కొన్నిట్లో లేదు. పైగా ఈ మందుతో రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది. అందుకని డాక్టర్లు వెనకాడారు.

ఇక్కడ కాస్త లెక్క వేద్దాం. మందు ఇవ్వకపోతే నూటికి 12 మంది, ఇస్తే 9 మంది చనిపోతారనుకోండి. మందు నిజంగానే పనిచేస్తోందన్నమాట. కానీ అటు నూరుమందిని, ఇటు నూరుమందిని పెట్టి చూస్తే ఆ ముగ్గురి తేడా అదృష్టం ఆటలో కలిసిపోతుంది. అలాంటి ట్రయల్ ఆ తేడాని పట్టుకోగలిగేది సుమారు పదింట ఒక్కసారే. ఈ పట్టుకోగల శక్తినే స్టాటిస్టిక్స్‌లో ‘పవర్’ అంటారు. దాన్ని పదింట ఎనిమిదికి పెంచాలంటే ఒక్కో వైపూ పదహారువందలమందికి పైగా కావాలి. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది తెలిసిన సంగతే. వెయ్యి రిక్వెస్టుల్లో ఒకసారి బయటపడే బగ్ కోసం పదిసార్లు టెస్ట్ చేసి ‘పాస్’ అని రాసుకుంటే ఏం లాభం?

లేని తేడాని ఉందనుకోవడం ఒక తప్పు, ఉన్న తేడాని చూడలేకపోవడం రెండో తప్పు. ఈ రెండిటినీ విడదీసి సిద్ధాంతం కట్టిన నేమన్, ఈగన్ పియర్సన్‌ల ప్రసిద్ధ వ్యాసం 1933లోనే వచ్చింది. వైద్యులు మాత్రం మొదటి తప్పుకి భయపడినంతగా రెండోదానికి భయపడలేదు. 1978లో ఫ్రైమన్, చామర్స్, వాళ్ళ సహచరులు ‘ఫలితం లేదు’ అని తేల్చిన 71 ట్రయల్స్‌ని తిరగేశారు. చికిత్సతో పావువంతు మెరుగుదల నిజంగా ఉన్నా, దాన్ని చూడలేకపోయే ప్రమాదం 67 ట్రయల్స్‌లో పదిశాతం కంటే ఎక్కువే.

స్ట్రెప్టోకైనేజ్ సంగతి తేలింది పెద్ద ట్రయల్స్‌తోనే. 1986లో ఫలితాలు వెలువడిన ఇటలీ జిస్సీ ట్రయల్‌లో పదకొండువేలమందికి పైగా ఉన్నారు. 1988లో ఐసిస్-2 ఫలితాలు వచ్చాయి: 417 ఆసుపత్రులు, 17,187 మంది రోగులు. స్ట్రెప్టోకైనేజ్ ఇచ్చిన 8,592 మందిలో అయిదు వారాల్లో గుండె, రక్తనాళాల సమస్యలతో పోయినవాళ్ళు 791 మంది. ఉత్తుత్తి మందు ఇచ్చిన 8,595 మందిలో 1,029. ఆస్పిరిన్ కూడా ప్రాణాలు కాపాడుతుందని అదే ట్రయల్‌లో తేలింది.

ఐసిస్-2 వాళ్ళు ఒక చమత్కారం కూడా చేశారు. రోగుల్ని పుట్టినతేదీని బట్టి రాశులవారీగా విడగొట్టి చూస్తే, మిథున, తుల రాశులవాళ్ళకి ఆస్పిరిన్ కాస్త చెడు చేసినట్టు వచ్చింది! వారఫలాలు రాసేవాళ్ళకి పండగే. వాళ్ళ ఉద్దేశం వేరు: ఎంత పెద్ద ట్రయల్‌నైనా ముక్కలు చేస్తే, ఒక్కో ముక్కా మళ్ళీ చిన్న ట్రయలే.

అసలు బాధ కలిగించే లెక్క 1992లో వచ్చింది. జోసెఫ్ లావ్ బృందం 33 స్ట్రెప్టోకైనేజ్ ట్రయల్స్‌ని జరిగిన వరసలో ఒకదానికొకటి కలుపుకుంటూ పోయింది. 1973 నాటికే, ఎనిమిది ట్రయల్స్, 2,432 మంది రోగులతోనే, మందు ప్రాణాలు నిలుపుతోందని తేలిపోయింది. విడివిడిగా బలంలేని ట్రయల్స్ కలిస్తే చెప్పగలిగేవే. ఆ తర్వాత మరో 34,542 మంది ట్రయల్స్‌లో చేరారు. వాళ్ళలో దాదాపు సగంమందికి ఈ మందు అందలేదు. ట్రయల్స్ బయట గుండెపోటుతో ఆసుపత్రికి వచ్చి, ఈ మందు లేకుండానే వైద్యం పొందినవాళ్ళు ఈ లెక్కలో లేరు.

ఫలానా మందు ‘పనిచేయదని తేలింది’ అని ఈసారి పేపర్లో చదివినప్పుడు, ఎంతమంది మీద చూశారో వెతకండి. అటు నూరు, ఇటు నూరు అయితే, తేలింది చాలా తక్కువ.