పాత యంత్రమున క్రొత్త విద్య

గ్రంథాలయ రజతోత్సవ సంచికలో కంప్యూటరు ముచ్చట యేల యని పెద్దలు శంకింపవచ్చును. చదివిన పిమ్మట వారే తీర్పు చెప్పుదురు గాక.

2022లో కాశిబుగ్గలోని మా యింట మూలబడియున్న కంప్యూటరును పాత సామానుల వానికి తూచి యిచ్చుటకు సిద్ధపడితిని. 1 జీబీ మెమరీ గల 32 బిట్ల యంత్రమది. అందలి విండోస్ ఎక్స్‌పీకి తయారీదారుల రక్షణ 2014 ఏప్రిల్‌తోనే ముగిసినది. మా మేనల్లుడు అడ్డుపడి, దానియందు డెబియన్ లినక్సును ఎక్కించి, నేర్చుకొమ్మని చెప్పి పోయెను. యూనిక్సు జాతి విద్య పండితులకును క్రొత్త యంత్రములకును తగినదే గాని నావంటి వానికేల యనుకొంటిని. దాని చరిత్ర చదివిన పిదప నా యభిప్రాయము మారినది.

1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాల మల్టిక్స్ అను బృహత్ప్రయత్నమునుండి తప్పుకొన్నది. అందు పనిచేసిన కెన్ థాంప్సనుకు వేరొక పెద్ద యంత్రమును కొని యిచ్చుటకు అధికారులు సమ్మతింపలేదు. అప్పటికే పాతబడి, అంతగా నెవ్వరును వాడని పీడీపీ-7 ఒకటి యతని కంటబడినది. దాని మెమరీ నేటి లెక్కలో 18 కిలోబైట్లు. నేను తూచి యివ్వబోయిన దానిలో అంతకు 50 వేల రెట్లకు పైగా కలదు! భార్యాబిడ్డలు ప్రయాణమై పోయిన మూడు వారములలో థాంప్సను ఆ చిన్న యంత్రముమీదనే యూనిక్సుకు ప్రాణము పోసెను. డెన్నిస్ రిచీ తోడయ్యెను. 1973లో దానిని సీ భాషలో తిరిగి వ్రాయుటతో ఇతర యంత్రములకు మార్చుట సులభమైనది.

ఆదేశములు ఎల్‌ఎస్, సీపీ, ఆర్‌ఎమ్ అని రెండక్షరముల పొట్టిమాటలుగా నుండుటకు గూడ నాటి బీదతనమే కారణము. టెలిటైపు మీటలు బరువు. ముద్రణ సెకనుకు 10 అక్షరములు. క్రొత్తవానికి ఇవి బీజాక్షరములవలె తోచును. పాస్‌వర్డు కొట్టునపుడు తెరపై చుక్కయైనను కానరాదు. మీటలు చెడినవని రెండు దినములు భ్రమపడితిని. పని సరిగా జరిగినచో యంత్రము మౌనము వహించును. ఆర్‌ఎమ్ అన్నచో మారు మాటాడక చెరిపివేయును. మా తండ్రిగారి ఉత్తరములకు నేను కూర్చుకొన్న సూచిక ఒక సాయంకాలము అట్లే పోయినది. మరల కూర్చుటకు నెల పట్టినది.

యూనిక్సు వ్యాపార సంస్థల సొత్తు కాగా, ఎవరైనను చదువవచ్చును, మార్చవచ్చును, పరులకీయవచ్చును అను సంకల్పముతో 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రణాళికను ప్రకటించెను. 1991లో హెల్సింకీ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ తన 386 యంత్రముమీద లినక్సును వ్రాసి, మరుసటి యేడు గ్నూ నియమములతోనే లోకమునకిచ్చెను. 1904లోనే హనుమకొండలో శ్రీ రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును నెలకొల్పుకొన్న ఓరుగల్లువారికి ఈ ధర్మమును విడమరచి చెప్పనక్కరలేదు. హైదరాబాదులో 2005లో ఏర్పడిన స్వేచ్ఛ సంస్థవారు తెరమీది మాటలను తెలుగు చేయుటకు పూనుకొనిరి. తెరపై తెలుగు చూచిన నాడు నా భయము సగము తీరినది.

అయినను పాత యంత్రములకు కాలము తీరుచునే యున్నది. లినక్సు పుట్టిన 386కే 2012లో దాని రచయితలు స్వస్తి చెప్పిరి. 2025 ఆగస్టులో వెలువడిన 13వ డెబియనును 32 బిట్ల పీసీలలో స్థాపించుటకు వీలులేదు. నా యంత్రము 12వ దానితో ఆగినది. పోయిన సూచికను మరల కూర్చినదియు, ఈ వ్యాసమును వ్రాసినదియు దానిమీదనే.